అరటాకుకు లైసెన్స్

డాక్టర్ వేదాద్రి మీట నొక్కగానే ఎడమవైపు స్క్రీన్ మీది వెబ్‌సైట్ బూడిదరంగు పలకలా మారిపోయింది. కుడివైపుది చెక్కుచెదరలేదు.

"చూశారుగా! ఎడమది దొంగది," అన్నాడాయన.

"ఇంకోసారి చెయ్యండి," అంది హైమవతి. ఆయన మళ్ళీ చేశాడు. ఆమె కడుపు కాస్త చల్లబడింది.

హైమవతి కాకినాడలో వెబ్‌సైట్ టెంప్లేట్లు తయారుచేసి అమ్ముతుంది. టెంప్లేట్ అంటే కుట్టి సిద్ధంగా ఉంచిన చొక్కా లాంటిది. కొన్నవాళ్ళు తమ పేరూ, ఫొటోలూ పెట్టుకుంటే చాలు, వెబ్‌సైట్ నడిచిపోతుంది. ఆమె చేసినవాటిలో కర్రీ పాయింట్ల కోసం చేసింది ఒక్కటే బంగారం. ఇంట్లో అన్నం మాత్రం వండుకుని, కూరలు బయట తెచ్చుకునే ఊరు కదా! ఆ సైట్ తెరిస్తే స్క్రీన్ నిండా అరటాకు పరుచుకుంటుంది. పైనుంచి కిందికి జరుపుతూ పోతే ముందు పప్పు, నెయ్యి, తరవాత వేపుడు, పచ్చడి, పులుసు, ఆఖరికి పెరుగు. పప్పు కోసం వచ్చినవాడు పెరుగుదాకా కొనకుండా బయటపడలేడు.

ఆ టెంప్లేట్‌ని 'అసంఖ్య డిజైన్స్' అనే కంపెనీ మక్కీకి మక్కీ దింపేసింది. లోపలి కోడ్ మొత్తం మార్చి రాసుకున్నారు కాబట్టి చట్టానికి దొరకలేదు. హైమవతి ఫోన్ చేసి నిలదీస్తే, ఆ కంపెనీవాడు నవ్వాడు.

"లైసెన్స్ ఎవరు చదువుతారండీ ఈ రోజుల్లో? కింద 'అంగీకరిస్తున్నాను' అని ఉంటుంది, నొక్కుతాం."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. నిజమే, చదవరు. ఎదుటివాడు రాత్రింబవళ్ళు కూర్చుని చేసిన పనిని జేబులో వేసుకునే ముందు నాలుగు వాక్యాలు చదవడానికి మాత్రం తీరిక ఉండదు మనవాళ్ళకి!

వేదాద్రి కనిపెట్టిన 'చూపుకావలి' ఇలాంటివాళ్ళ కోసమే పుట్టింది. ప్రభుత్వం దాన్ని దేశంలో ప్రతి స్క్రీన్‌లోనూ, ప్రతి కెమెరాలోనూ పెట్టించింది. అది కోడ్ జోలికి పోదు. కంటికి ఏది ఎక్కడ, ఏ వరసలో కనిపిస్తోందో అదొక్కటే చూస్తుంది. రిజిస్టరైన రూపంతో సరిపోలి, యజమాని అనుమతి లేకపోతే, దాన్నీ, దాని చుట్టుపక్కల కనిపించేదాన్నీ బూడిదరంగుతో కప్పేసి పైన యజమాని పేరు వేస్తుంది. లైసెన్స్ ఎవరూ చదవక్కర్లేదు. లైసెన్సే అందర్నీ చదువుతుంది.

"ఇప్పుడు మీకు ఏ లైసెన్స్ కావాలో చెప్పాలి," అన్నాడు వేదాద్రి. "మీ పేరు వేసి ఎవరైనా వాడుకోవచ్చు అనేది ఒకటి. ఒకసారి కొంటే ఒక సైట్‌కే అనేది ఇంకొకటి. మీకు అది సరిపోతుందండీ, నకళ్ళన్నీ ఆగిపోతాయి."

"అన్నిటికన్నా గట్టిది ఏది?"

ఆయన కాస్త తటపటాయించాడు. "పూర్తి ముద్ర. డిజైన్‌కే కాదు, ఆ అమరికకే మీరు యజమాని అవుతారు. ఒక్కో వాడకానికీ మీ వేలిముద్రతో అనుమతి ఇవ్వాలి. ఒకసారి వేస్తే మీరు కూడా తియ్యలేరు. పెద్ద కంపెనీలు బెదిరించి తీయించేస్తాయని అలా పెట్టాను. అందుకే అడుగుతున్నాను, ఈ వరస పూర్తిగా మీ సొంతమేనా?"

"నాది కాక మీ తాతగారిదా?"

వేదాద్రి యంత్రాన్ని అడిగాడు. ఈ అమరికను అంతకుముందెవరైనా రిజిస్టర్ చేశారా అని అది లోకమంతా వెతికింది. ఎవరూ చేయలేదంది. అరటాకులో భోజనం పెట్టేవాళ్ళకి రిజిస్టర్ చేయించుకోవాలన్న ఆలోచన ఎందుకొస్తుంది! హైమవతి వేలు నొక్కింది.

ఆ సాయంత్రానికల్లా అసంఖ్యవాళ్ళ సైట్లన్నీ బూడిదపాలయ్యాయి. ఆమె స్వీట్లు పంచింది.

వారం తిరక్కుండానే సూరమ్మ ఫోన్ చేసింది. జగన్నాథపురంలో కర్రీ పాయింట్ నడుపుతుంది, హైమవతి దగ్గర టెంప్లేట్ కొన్న మొదటి మనిషి.

"ఏంటమ్మా ఈ ఘోరం! మా ఆడపడుచు కూతురి పెళ్ళి వీడియోలో బంతి భోజనాల దగ్గర ఒక్క మొహం కనపడట్లేదు. అన్నీ బూడిద పలకలే. ఒక్కోదాని మీదా నీ పేరు! నీకేం అపకారం చేశామమ్మా?"

హైమవతి పరుగున ల్యాబ్‌కి వెళ్ళి వేదాద్రి మీద విరుచుకుపడింది.

"నేను అడిగింది వెబ్‌సైట్‌కండీ! విస్తళ్ళ మీద పడమని ఎవరు చెప్పారు?"

"మీ సైటూ, విస్తరీ దానికి ఒకలాగే కనిపిస్తాయి. ఆకు, ఆ పదార్థాలు, ఆ వరస. అది మీ సొంతమని మీరే అన్నారు."

"బుద్ధిలేక అన్నాను! మీరు చదువుకున్నవారు కదా, నోరు మూయించాల్సింది!"

తీసేసే మార్గం ఆయన చేతుల్లో కూడా లేదు.

అప్పటినుంచి ఆమె ఫోన్‌కి అనుమతులు అడిగే గోల మొదలైంది. పెళ్ళిళ్ళు, ఒడుగులు, గృహప్రవేశాలు. కొందరు బతిమాలారు, ఎక్కువమంది తిట్టారు. ఒక్కో విస్తరికీ వేలు నొక్కీ నొక్కీ ఆమె ఓ రోజు ఫోన్ గోడకేసి కొట్టింది. జనం మాత్రం ఎన్నాళ్ళని అడుగుతారు? కెమెరాలో పడని పెళ్ళి ఈ కాలంలో పెళ్ళే కాదాయె. వంటవాళ్ళు వడ్డన వరస తిరగేశారు. ముందు పెరుగు, ఆఖర్న పప్పు. కావలి కిక్కురుమనలేదు. అసంఖ్యవాళ్ళు అదే వరసలో కొత్త టెంప్లేట్ చేసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చన్న లైసెన్స్‌తో వదిలారు. సూరమ్మతో సహా అందరూ అటు మారిపోయారు. హైమవతి సొంతమైన వరస ఇక ఎవరికీ అక్కర్లేకపోయింది.

మూడేళ్ళ తరవాత సామర్లకోటలో ఆమె అన్న కూతురు లలంతిక పెళ్ళి జరిగింది. హైమవతి పెళ్ళికూతురికి ఎదురుగా బంతిలో కూర్చుంది. వడ్డించే అతను వచ్చి ఆకులో గరిటెడు పెరుగు వేశాడు.

"పప్పు తీసుకురావయ్యా ముందు!" అని కసిరింది.

"అలా పెడితే వీడియోలో మీరు కనపడరండి. ఎవరో మహాతల్లి దాని మీద లైసెన్స్ పెట్టుకుందంట."

ఆమె పళ్ళు పటపట కొరికింది. కోపం ఆ కుర్రాడి మీద కాదు, తన మీద తనకే. కొత్త ఫోన్ తీసి పెళ్ళికూతురి విస్తరికి అనుమతి ఇస్తూ వేలు నొక్కింది.

"లలంతీ, నీ ఆకుకి అనుమతి ఇచ్చానే. వీడియోలో పడుతుంది. ముందు పప్పూ నెయ్యీ కలుపుకుని తినమ్మా."

లలంతిక పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ మొహం అదోలా పెట్టింది.

"మొదట్లోనే పప్పేంటత్తా! ఎవరైనా అలా తింటారా?"