గద్ద రెక్క మీద చీలిక

లూడెన్‌షైడ్ అనే జర్మనీ ఊరు దాటి లోయలోకి దిగే దారిలో మూతపడ్డ బకిళ్ల కార్ఖానా ఒకటుంది. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికుల బెల్టు బకిళ్లు అక్కడ కొట్టేవారు. యజమాని సమ్మెట యంత్రం పక్కనే గుండె ఆగి పోయాడట... చేతిలో ఉన్న ఆర్డరు పూర్తికాకుండానే. అప్పట్నుంచి చలికాలం సాయంత్రాల్లో లోపల ఒక చప్పుడు.

ధన్... కాసేపు ఏమీ ఉండదు... మళ్లీ ధన్.

ముందు తలుపుకి తాళం వేసే ఉంటుంది.

అక్కడ ఎగోన్ ష్లూటర్‌కి ఏం జరిగిందో అతను చెప్పగా విన్నాను. మా బకిళ్ల సంఘంలో ఏడుగురం. ప్రతి గురువారం పబ్బు వెనకగదిలో చేరతాం. పాత బకిళ్లు తెచ్చి, వాటి మీది నాజీ స్వస్తికకి కాగితం ముక్క అంటించి — దాన్ని బయట చూపించకూడదని చట్టం — ఏది అసలో ఏది నకిలీయో తేలుస్తాం. తేల్చేది ఎగోనే. వెనక్కి తిప్పి కంపెనీ గుర్తు చూస్తాడు, గోటితో గీస్తాడు, వాసన కూడా చూస్తాడు. అతను "నకిలీ" అన్నాడంటే దాని సొంతదారు రెండు వారాలు మొహం చూపించడు.

ఎగోన్‌కి పేరు తెచ్చింది ఒక చీలిక. కొన్ని బకిళ్ల మీద అచ్చైన గద్ద బొమ్మ ఎడమ రెక్కకి అడ్డంగా వెంట్రుకంత గీత ఉంటుంది. 1942లో ఉక్కు నాసిరకమై అచ్చు చిట్లిందనీ, అందుకే ఆ గీత పడ్డ బకిళ్లు బహు అరుదనీ మా పత్రికలో పద్నాలుగు పేజీలు రాశాడు. అతని దగ్గర అలాంటివి నాలుగున్నాయి. అతని భార్య వాటిని చూసి నిట్టూరుస్తుంది.

తొంభై రెండు నవంబరు. ఐదింటికే చీకటి పడిపోయింది. ఎగోన్ మోపెడ్ సరిగ్గా ఆ లోయలోనే మొరాయించింది. తోసుకుంటూ వస్తున్నాడు. పొగమంచు... చుట్టూ తడిసిన ఆకుల వాసన.

ధన్.

ఆగాడు. చెవులు రిక్కించాడు.

ధన్.

కాళ్లు పారిపోదామన్నాయి. బుర్ర మాత్రం — లోపల పాత అచ్చులుంటే? — అంది. ఎగోన్ బుర్ర మాటే విన్నాడు.

కార్ఖానా వెనక్కి వెళ్లాడు. అక్కడ చిన్న తలుపు, వారగా తెరిచి ఉంది. కిటికీలన్నిటికీ గోనెసంచులు కట్టారు. మూల ఒక గుడ్డిదీపం. దాని ముందు... తెల్లటి ఆకారం. భుజాలున్నాయి, తల లేదు.

ఎగోన్ నోరు తెరిచాడు.

ఆకారం నెమ్మదిగా నిటారుగా లేచింది. తల వచ్చింది. ఆ తలకి కళ్లజోడు కూడా ఉంది.

"తలుపు వెయ్యి నాయనా," అందది గుసగుసగా. "చలిగాలి కొడుతోంది."

ఆమె హెర్తా వీబుష్. పదహారో ఏట ఆ యంత్రం దగ్గర పనిలో చేరింది. ఆ రోజుకి అరవై తొమ్మిది. తెల్లటి ఏప్రను వేసుకుని, కింద పడ్డ రేకు ముక్కలు వంగి ఏరుకుంటోంది.

"పోయిన యజమానేమో అనుకున్నానమ్మా," అన్నాడు ఎగోన్ గోడకి ఆనుకుని.

"అలా అనుకోవాలనే. ఆ కథ పుట్టించింది నేనే. లేకపోతే రాగి తీగలన్నీ ఎత్తుకుపోరూ?"

"ఇవి ఎవరికి కొడుతున్నారు?"

"యుద్ధం సినిమాలు తీసేవాళ్లకి. మిగిలినవి ఒకాయన పట్టుకుపోతాడు. తోటలో పాతి తుప్పు పట్టిస్తాడట. ఏం సరదాయో."

ఎగోన్ బల్ల మీంచి ఒక బకిల్ తీసి దీపం దగ్గర పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది. గద్ద... ఎడమ రెక్క... వెంట్రుకంత గీత.

"ఈ చీలిక," అన్నాడు మెల్లగా, "నలభై రెండులో వచ్చింది కదూ?"

"ఎవరు చెప్పారు? డెబ్భై నాలుగు, జులై ఏడు. మనవాళ్లు ప్రపంచ కప్పు గెలిచారే, ఆ రోజు. రేడియోలో రెండో గోలు అరుపు వినపడింది. నేను రేకు ముక్క తియ్యడం మర్చిపోయి పెడల్ తొక్కాను. అచ్చు చిట్లింది." ఆమె కళ్లజోడు తుడుచుకుంది. "యుద్ధంలో రోజుకి వేలకొద్దీ కొట్టేవాళ్లం. మా అన్న నడుముకీ నేను కొట్టినదే ఒకటుండేదేమో. వాడు తిరిగి రాలేదు. నీకెందుకయ్యా ఇవి?"

ఎగోన్ చేతిలోని బకిల్ బల్ల మీద పెట్టేశాడు. ఒక డబ్బా మీద కూలబడ్డాడు. ఆమె ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చింది. తాగాడు. ఇంటిదాకా మోపెడ్ తోసుకుంటూనే వెళ్లాడు. దారంతా ఒకటే ఆలోచన — ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.

గురువారం వచ్చాడు. నాలుగు బకిళ్లూ బల్ల మీద వరసగా పెట్టాడు.

"నేను రాసింది తప్పు," అని మొదలుపెట్టి, తలలేని ఆకారంతో సహా అంతా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

మాలో పెద్దవాడు రైన్‌హోల్డ్ జేబులోంచి ఒకటి తీసి ఆ వరసలో పెట్టాడు. "నీ వ్యాసం చదివాకే కొన్నాను," అన్నాడు. పక్కవాడు గొంతు సవరించుకుని ఇంకోటి పెట్టాడు. తర్వాత మరో ముగ్గురు — ఒక్కొక్కరే, తలెత్తకుండా.

చివరికి అందరూ నావైపు చూశారు.

"నా దగ్గర లేదు," అన్నాను.

ఎగోన్ చెయ్యి చాపాడు, అంతే.

జేబులో ఉన్న రెండు బకిళ్లూ తీసి ఇచ్చాను.