పసుపు పేరా

పిచ్చుక రాసిన పేరా మూడోసారి మాయమైంది.

శుక్రవారం ఉదయం. మాస్టారు సైబర్ స్టేషన్‌లో ఎస్సై ఎదుట కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. ఆయన కళ్ళు గుంటలు పడ్డాయి. ఎస్సైకి మొదట విసుగే వచ్చింది. బ్యాంకు మోసాల ఫైళ్ళు బల్లమీద గుట్టగా పడి ఉంటే, ఎనిమిదో తరగతి వ్యాసం పోయిందని ఫిర్యాదా?

"పాత వెర్షన్ తెచ్చుకోవచ్చు కదా మాస్టారూ?"

"రెండుసార్లు తెచ్చాను మేడమ్. తెచ్చిన మర్నాడే మళ్ళీ పోతోంది. ఆ ఒక్క పేరానే."

"ఎవరిది?"

"పిచ్చుకది. క్లాసులో అందరం అలాగే పిలిచేవాళ్ళం. పోయిన నెల జ్వరంతో పోయింది."

ఎస్సై పెన్ను కింద పెట్టింది.

మాస్టారు చెప్పుకొచ్చాడు. ఈ ఏడు ఆయన కొత్త ప్రయోగం మొదలుపెట్టాడు. క్లాసంతా కలిసి ఆన్‌లైన్‌లో ఒకే పేజీ రాయాలి. దాని పేరు 'మా వీధి నిద్రలేచే వేళ'. ఒక్కొక్కరి అక్షరాలకి ఒక్కో రంగు. పేజీ ఎవరు తెరిస్తే వాళ్ళ పేరు పైన వెలుగుతుంది. పిచ్చుక పోయాక కూడా రోజూ క్లాసు టైముకి ఆ పేరు వెలుగుతూనే ఉంది. కూతురి ట్యాబ్‌లో వాళ్ళమ్మ తెరుస్తోంది. ఏమీ రాయదు. పిల్లలు రాసుకుంటుంటే చూస్తూ కూర్చుంటుంది. పిల్లలు కూడా ఆ పేరు వచ్చేదాకా పాఠం మొదలుపెట్టనివ్వరు.

"ఈ గొడవంతా ఎందుకు, సోమవారం పేజీ మూసేయమంటున్నారు హెడ్మిస్ట్రెస్. మూసేస్తే ఆ తల్లికి ఇంకేం మిగులుతుంది మేడమ్?"

"ఏ అకౌంట్ నుంచి చెరిపారు?"

"పిచ్చుక అకౌంట్ నుంచే."

"పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"అందరికీ. మర్చిపోతారని క్లాసంతటికీ ఒకటే పెట్టాను."

"తాళం వేసి, చెవి గుమ్మానికే తగిలించారన్నమాట."

ఆయన తల దించుకున్నాడు. అనవసరంగా అన్నాననుకుంది ఎస్సై.

మధ్యాహ్నం స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంట్‌ని పిలిపించింది.

"ఆ అకౌంట్ తీసేయమని హెడ్మిస్ట్రెస్ నీకు చెప్పారా?"

"చెప్పారు మేడమ్. నాకు చేతులు రాలేదు."

"వస్తే ఎలా తీసేవాడివి?"

"ఒక్క నొక్కు. అకౌంటే ఉండదు. ఇలా అక్షరం అక్షరం ఎవరు చెరుపుతారు?"

"అక్షరం అక్షరమా?"

అతను పేజీలో మార్పుల హిస్టరీ తెరిచి చూపించాడు. నిజమే. చివరి మాట నుంచి వెనక్కి, ఆగి ఆగి చెరిపారు. పది లైన్లకి అరగంట పట్టింది. మూడుసార్లూ మధ్యాహ్నం మూడు దాటాకే. పట్టుబడతానన్న భయం ఉన్నవాడికి అంత తీరిక ఉండదు.

అక్కడి నుంచి పిచ్చుక ఇంటికి వెళ్ళింది. రెండు గదులు. గోడకి స్కూలు బ్యాగు ఇంకా వేలాడుతోంది. అలమరలో అలారం గడియారం గోడవైపు తిప్పి ఉంది. తల్లి ట్యాబ్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తండ్రి బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చిన ఖాకీ చొక్కాలోనే ఉన్నాడు.

"మూడింటికి మీరెక్కడుంటారమ్మా?"

"చిన్నాణ్ణి స్కూలు నుంచి తీసుకురావడానికి వెళ్తాను."

"ట్యాబ్?"

"ఇక్కడే, బల్లమీద."

"మీరో?"

"పడుకుంటాను," అన్నాడు తండ్రి. "నాకా టైపింగులూ అవీ రావు మేడమ్."

తల్లి ఆయన్ని ఒకసారి చూసి, ట్యాబ్ కేసి చూపు తిప్పుకుంది.

జీపులో కూర్చుని ఎస్సై తన ఫోన్‌లో ఆ పేజీ తెరిచింది. కళ్ళమంటలని ఆమె ఫోన్‌లో ఎప్పుడూ నల్ల తెరే. మాస్టారు పేరా మొత్తం పోయిందన్న ఖాళీలో ఏదో పసుపుగా మెరిసింది. ఆమె జీపు డ్రైవర్‌ని ఇంజను ఆపమంది.

సాయంత్రం అయిదింటికి అందరూ కంప్యూటర్ ల్యాబ్‌లో చేరారు. హెడ్మిస్ట్రెస్, మాస్టారు, ల్యాబ్ అసిస్టెంట్, వెనక బెంచీలో తల్లీ తండ్రీ.

"పిచ్చుక రంగేమిటి మాస్టారూ?"

"లేత పసుపు. తెల్ల గోడమీద ప్రొజెక్టర్‌లో కనబడి చావదు, మార్చుకోవే అని రోజూ పోరేవాణ్ణి. వింటేనా?"

"అందుకే మీకు కనబడలేదు."

ల్యాబ్ అసిస్టెంట్ చేత పేజీని నల్లగా మార్పించింది. ఖాళీ అనుకున్న చోట ఒకే ఒక్క మాట వెలిగింది.

నాన్న.

"పేరాకి అది మొదటి మాట," అంది ఎస్సై. "అంతా చెరుపుకుంటూ వచ్చి ఇక్కడ ఆగిపోయారు. మూడుసార్లూ ఇక్కడే. ఈ మాట చెరపలేని మనిషి ఈ గదిలో ఒక్కరే ఉన్నారు."

ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ మాత్రం మర్యాద అందరికీ ఉంది.

"చివరి లైన్ ఒక్కటే తీద్దామనుకున్నాను," అన్నాడు తండ్రి. "'బస్సు హారన్ సంగతి రేపు వచ్చి రాస్తాను' అని ఉంటుంది. ఆ రేపు అక్కడ అలా కూర్చుని ఉంటే నావల్ల కాలేదు మేడమ్. అది తీస్తే దానిముందుది ఇంకా గుచ్చుకుంది. దాన్నీ తీశాను. మాస్టారు మళ్ళీ పెడితే మళ్ళీ తీశాను. మా ఆవిడకి అన్యాయం చేశాను."

"నాకు మొదటిసారే తెలిసింది," అంది తల్లి.

అతను ఉలిక్కిపడి చూశాడు.

"దాని ట్యాబ్‌లోనూ నల్ల తెరే, పసుపు బాగానే కనిపిస్తుంది. ఆ మాట మిగలడం చూశాను."

"మరి చెప్పలేదేమమ్మా?" అంది ఎస్సై.

"పిల్ల పోయినప్పటి నుంచి ఈయన దాని పేరెత్తలేదు. దాని బ్యాగు కేసి చూడలేదు. దాని దగ్గర కూర్చున్నది ఆ మూడు మధ్యాహ్నాలే. చెబితే అదీ మానేస్తారని ఊరుకున్నాను."

ఎస్సై కేసు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుంది. సోమవారం సంగతి హెడ్మిస్ట్రెస్ ఎత్తలేదు.

మాస్టారు పేరాని నాలుగోసారి తెచ్చిపెట్టాడు. తల్లి ట్యాబ్‌ని భర్త ఒళ్ళోకి జరిపింది.

"ఈసారి చెరపకండి. పైనుంచి చదవండి, నాకు వినబడేలా."

'నాన్న అలారం కంటే ముందే లేచి, నేను లేస్తానని దాన్ని మోగకుండా ఆపేస్తాడు.' అదీ మొదటి వాక్యం.

అతను మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. రెండో మాట నుంచి ఆమె అందుకుంది.