పాకలో నూట నాలుగు

ఆ ఉదయం గొడవ మూడు గోనెసంచుల కోసం.

ధాన్యం గదిలో మడతపెట్టి ఉంచిన సంచులు పెరట్లో పాక చుట్టూ తడిగా వేలాడుతుంటే అసిరమ్మ చూసింది. "రేపు వడ్లు నీ నెత్తిమీద పొయ్యమంటావేటిరా?" అని కొడుకుని అడిగింది. పడమటి గాలికి తమలపాకు తీగ మాడిపోతుందన్నాడు గణపతిరావు.

పోయిన వానల్లో అతను ఇచ్ఛాపురం వైపు తమలపాకు తోటలు చూసొచ్చి, నరసన్నపేటలో తమ పెరట్లో ఆ పాక వేశాడు. పైన తాటాకు, నాలుగు వైపులా తడికలు, లోపల తమలపాకు తీగలు. ఆ చోటు ఎడ్లకి కావాలని తండ్రి నరసింగరావు పట్టు. వెనకవీధిలో ఉండే మేనమామ జగన్నాధం పట్టు ఇంకా గట్టిది. ఈ ఎండలకి తీగ నిలిస్తే సరే, లేకపోతే కూతురు పద్మకుమారికి బొబ్బిలి సంబంధం ఖాయం చేస్తానన్నాడు. రెండు వారాలాగి ఆదివారం భోజనానికొచ్చి చూస్తానన్నాడు.

శ్రీకాకుళంలో పి.యు.సి. చదివిన పద్మ, బావకి సాయంగా ఇంట్లోని జ్వరం థర్మామీటరు పంపింది. గణపతి దాన్ని మధ్య గుంజకి కట్టి గంటగంటకీ చూసి పుస్తకంలో రాసేవాడు. నూట నాలుగు. నీళ్లు చల్లి, సందులన్నీ మూసి మళ్లీ చూసేవాడు. నూట నాలుగే. వారం తిరిగేసరికి తీగల మొదళ్లు నల్లబడ్డాయి. గణపతికి అన్నం సయించలేదు.

సోమవారం మామిడికాయల నెపంతో పద్మ వచ్చింది. పాకలో అడుగు పెట్టగానే గంజి వార్చినట్టు ఆవిరి మొహానికి కొట్టింది. పుస్తకం తిరగేసింది.

"పొద్దుట ఆరింటికి కూడా నూటనాలుగేటి, బావా?"

"అదే నా బయ్యం. దిగట్నేదు."

"ఇదిలించినావా?"

"గాజుది. ఎందుకు ఇదిలిస్తాను?"

నవ్వబోయిన పద్మ నల్లటి మొదళ్లు చూసి ఆగిపోయింది. "ఇదిలించకపోతే అది దిగదు. ఓ మజ్జానం ఎక్కిన వేడి అలాగే ఉండిపోతాది. సెప్పకుండా పంపినాను. తప్పు నాది."

కుళ్లిన తీగలు ఇద్దరూ పీకేశారు. సగం పోయాయి. తూర్పు తడికలు పొద్దున ఎత్తాలని, పడమటివి ఎండలో మాత్రం దించాలని, ఆవిరి పోవడానికి కప్పు కొన దగ్గర జానెడు సందు వదలాలని తేల్చుకున్నారు. తడిక ముడి వేస్తుంటే వేళ్లు తగిలాయి. ఇద్దరూ ముడినే చూశారు. మిగిలినవైనా బతుకుతాయా అని అతనడిగితే, తెలీదంది. ఆ వారమంతా రెండు పూటలా వచ్చింది. శనివారం సాయంత్రం ఒక కణుపు దగ్గర లేత చిగురు కనిపిస్తే, ఇద్దరికీ ముట్టుకునే ధైర్యం లేకపోయింది.

ఆదివారం జగన్నాధం పాక చూసొచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. "సగం పోయినాయి కదరా," అన్నాడు గణపతితో.

పప్పు వడ్డిస్తున్న పద్మ గరిటె దించింది.

"పోయినవి నా వల్ల పోయినాయి, నాన్నా. ఉన్నవి బావా నానూ కలిసి బతికించినాం. బొబ్బిలోళ్లని రావద్దని రాసీ. పొద్దుటోపాలి, సాయంత్రమోపాలి వెనకవీధి నుంచొచ్చి తడికలెత్తడం నా వల్ల కాదు. నాను ఈ ఇంట్లోనే ఉంటాను."

జగన్నాధం పప్పు కలుపుకుని నాలుగు ముద్దలు నెమ్మదిగా తిన్నాడు. తర్వాత నరసింగరావు వైపు తిరిగాడు.

"ఎడ్లకి ఇంకో సోట పాక ఏసుకో, బావా."