నలభై రెండో సమాధి

కాంచన అరిచిన అరుపుకు వేపచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి.

అరవదా మరి? మిట్టమధ్యాహ్నం, తిరువళ్ళూరు దొరల సమాధుల తోటలో, ముళ్ళపొద లోంచి తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి ఆకారం ఒకటి లేచి నిలబడింది.

మొగుడు ఓడెక్కి పోయి తిరిగి రాలేదని, అతని కోసం ఒక దొరసాని వందేళ్ళుగా పన్నెండు గంటల ఎండలో అక్కడ తిరుగుతోందని ఊరంతా చెప్పుకుంటారు. టైపు క్లాసు ఆలస్యమై, ఇంటికి పోయే కడంబత్తూరు రైలుబండి తప్పుతుందనే కాంచన ఆ అడ్డదారి పట్టింది.

“అమ్మా, సస్తిని” అంటూ వెనక్కి తిరిగింది.

“పరిగెత్తొద్దండి. ముల్లు గుచ్చుకుంటాది” అంది దయ్యం.

కాంచన ఆగింది. దయ్యమేమో దొరసాని. గొంతు మగది. మాట తెలుగు.

“మీరు తెలుగోళ్ళా?” అన్నాడతను మొహం తుడుచుకుంటూ.

“దయ్యాలకు ఎందుకు అదంతా?”

“మాది తిరుత్తణి. ఈడికొచ్చి వారమైంది, అరవం తప్ప ఇంకో మాట వినలేదు. మీరు తెలుగులో అరిస్తే ప్రాణం లేచొచ్చింది.”

అతని పేరు నటరాజు. ఏదో గవర్నమెంటు ఆఫీసులో టెంపరరీ గుమాస్తా. సమాధుల మీది పేర్లన్నీ రాసుకుపోవడం పని. అరిగిన అక్షరాల మీద ముగ్గుపిండి రుద్దితే పేరు తేలుతుంది. ఆరోజు గాలికి పొట్లం మొత్తం అతని మీదే పడింది.

మర్నాడు కాంచన అమ్మ డబ్బాలోంచి పిండి తెచ్చింది. ఆ మర్నాడూ తెచ్చింది.

“దయ్యం సార్, ఇంకా ఎన్నుండాయి?”

“లిస్టులో నలభై రెండు. పదకొండయినాయి. అన్నీ అయితే నన్ను వేలూరుకు పంపిస్తారు.”

ఆ రోజు నుంచి కాంచనకు ఆ లెక్క వింటే గుండె బరువెక్కేది. ఒకనాడు చేతిరుమాలు ఎగిరిపోయి ముళ్ళపొదలో పడింది. తీస్తుంటే లోపల తీగల కింద రాతి మూల ఒకటి కనిపించింది. ఆ తీగల్ని మళ్ళీ దాని మీదికే లాగేసింది. అప్పటి నుంచి గొడుగు విప్పుకుని ఆ పొద ముందే నిలబడేది.

అరవోళ్ళ ఆడి నెల మొదట్లో నలభై ఒకటి పూర్తయ్యాయి.

“ఆ ఒక్కటి యాడ పోయిందో” అన్నాడు నటరాజు.

“సమాధి లేచి యాడికి పోతాది సార్, బాగా వెతకండి” అంది కాంచన, నేల చూస్తూ.

పది రోజులు వెతికాడు. పదకొండో రోజు ఆఫీసు నుంచి మెమో వచ్చింది. సోమవారం లోపల లిస్టు ముగించకపోతే ఇక పనికి రానక్కరలేదట.

ఆ రాత్రి కాంచన అన్నం ముట్టలేదు. మర్నాడు అతన్ని పొద దగ్గరికి తీసుకెళ్ళి, కొమ్మలు తనే పక్కకు లాగింది.

“ఇదే సార్. నాకు ముందే తెలుసు.”

రాతి అక్షరాల నిండా ముగ్గుపిండి ఉంది. పాతది, తడిసి గట్టిపడింది.

“ఈ పిండి నేను తెచ్చింది కాదే.”

“కాదు. మీరు అరిచిన రోజు నేను చదవతా ఉండింది ఈ రాయినే” అన్నాడతను. “తెలిసీ వెతకడం శానా కష్టమండి. మీరు దీని ముందరే గొడుగు పట్టుకోని నిలబడతాంటే, నవ్వకుండా ఉండడం ఇంకా కష్టం.”

“ఉద్యోగం పోయుంటే?”

“సోమవారం దాకా టైముండాదిలే అనుకున్నా.”

కాంచన మొహం దాచుకోవడానికి రాయి మీదికి వంగింది. అతను పైనుంచి చదివి, తెలుగులో చెప్పాడు. పేరు ఎలినార్. వయసు ఇరవై ఒకటి. ఈ రాయి నిలిపినవాడు, ఆమె భర్త.

“అంటే, ఆ దొరసాని మొగుడు వచ్చినాడా?”

“వచ్చినాడు. ఆలస్యంగా.”

చినుకులు మొదలయ్యాయి. గొడుగు విప్పాలని ఇద్దరికీ తోచలేదు.

“నేను ఆలస్యం చెయ్యను” అన్నాడు నటరాజు. “ఆడికృత్తికకు, స్వామి తిరునాళ్ళకు, మీవాళ్ళు తిరుత్తణికి వస్తారంటిరి గదా. మా అమ్మను పిలుచుకోనొస్తా. కొండ మెట్ల కింద, పన్నెండుకు.”

“పన్నెండా? దయ్యాల టైము.”

“అందుకే.”

లిస్టు ముగించి అతను వేలూరుకు పోయాడు. తర్వాత పద్దెనిమిది రోజులు జాబు లేదు, కబురు లేదు. కాంచన సమాధుల దారినే వచ్చిపోయేది. వేపచెట్టు కింద ఎవరూ ఉండేవారు కాదు.

కృత్తిక నాడు మెట్ల కింద కావళ్ళ గుంపు. పన్నెండు దాటింది. పన్నెండున్నర. ‘అన్నం తిందాం రావే’ అని అమ్మ వజ్రమ్మ రెండుసార్లు పిలిచింది. కాంచన కదల్లేదు. ఆ దొరసాని అంత ఎండలో ఎందుకు తిరుగుతుందో ఆమెకిప్పుడు అర్థమైంది.

ఒంటిగంటకు, నున్నటి గుండుతో, ఒళ్ళంతా విభూతితో, భుజం మీద కావడితో ఒకడు గుంపును తోసుకుంటూ వచ్చాడు. వెనకే పూలూ పళ్ళూ ఉన్న తట్ట పట్టుకుని ఒకావిడ.

“గుండు కాడ క్యూ” అన్నాడు రొప్పుతూ. “లేకపోతే పన్నెండుకే వచ్చుందును.”

వజ్రమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. “ఎవరే ఇతను, దయ్యం మాదిరి?”

“దయ్యమేమ్మా” అంది కాంచన, తడిసిన కళ్ళతో నవ్వుతూ. “మన తెలుగు దయ్యమే.”