చలి లేదన్న ఇళ్ళు

అంగారక గ్రహం మీద ధూళి తుఫాను పట్టి వారం దాటింది. కాలనీని కప్పిన గాజు గుమ్మటం ఎర్రగా మసకబారింది, సౌరఫలకాలు సగానికి సగం పనిచేయడం లేదు. ఉన్న కాస్త కరెంటును ముందు ఇళ్ళకిచ్చి, అవి వాడగా మిగిలింది ఆసుపత్రికి పంపుతోంది నిరోధిని.

నిరోధిని హైమావతి కనిపెట్టిన యంత్రం. ఏ తీగలోనైనా సరే, వోల్టేజిని కరెంటుతో భాగించి నిరోధం, అంటే రెసిస్టెన్స్, ఎంతో తేలుస్తుంది. రెంటినీ గుణించి ఎన్ని వాట్ల శక్తి ఖర్చవుతోందో చెబుతుంది. కాలనీ మొత్తం నాడిని రెప్పపాటులో పట్టి చూసే ఆ యంత్రమంటే హైమావతికి ఎంత గర్వమో చెప్పలేం.

ఆ ఉదయం అది పిడుగులాంటి మాట చెప్పింది.

"ఇళ్ళ లైన్లన్నీ పాడయ్యాయి. రెండువందల నలభై వోల్టుల దగ్గర పది ఆంపియర్లు లాగవలసిన ఇల్లు ఐదే లాగుతోంది. ఇరవై నాలుగు ఓమ్‌ల నిరోధం నలభై ఎనిమిది అయింది. అతుకులు వదులై ఉంటాయి. నిప్పురవ్వ పుడితే గుమ్మటం లోపలంతా అంటుకుంటుంది. గంటలో లైన్లు తెంచేస్తాను."

లైన్లు తెగితే ఇళ్ళు గడ్డకట్టుకుపోతాయి. పిల్లాపాపలతో జనం ఎక్కడికి పోతారు?

తెర చూస్తున్న సహచర శాస్త్రవేత్త మస్తాన్‌వలి నసిగాడు. "మేడమ్, మొదటి లైను మీ ఇల్లేనండీ."

హైమావతి ముఖం కందిపోయింది. "మా అతుకులకేం కాలేదయ్యా. ఒక హీటరు నేనే ఆపేశాను. ఆసుపత్రిలో నెలలు నిండని పసిగుడ్డు ఉందిగా, దాని వెచ్చటి పెట్టెకు కరెంటు చాలదేమోనని..."

"మేమూ అంతేనండీ. చెప్పుకుంటే బాగోదని ఊరుకున్నాం."

హైమావతికి విషయం అర్థమైంది. వెంటనే పక్కింటి పేరిందేవమ్మకు ఫోన్ చేసింది. "పిన్నిగారూ, మీరు హీటరు ఆపారా?"

"ఆపడమేంటమ్మా! ఇక్కడ ఉక్కపోసి చస్తుంటేనూ!" ఆవిడ పళ్ళు టకటకలాడడం ఫోన్లో వినబడుతూనే ఉంది.

ఎవర్నడిగినా అదే వరస. అన్నానికి రమ్మంటే "ఇప్పుడే తిన్నాం" అనే జనం మరి! భూమి వదిలి వచ్చినా ఆ అలవాటు వదల్లేదు.

"ఎవరూ ఒప్పుకోని కారణాన్ని నేను లెక్కలోకి తీసుకోలేను," అంది నిరోధిని.

హైమావతి మైకు అందుకుంది. "పసిబిడ్డ కోసం హీటర్లు ఆపుకుని చలిలో కూర్చున్నారని నాకు తెలుసు. లైను తెగకూడదంటే ఒక్కొక్క ఇల్లూ వరసగా హీటరు వేసి చూపించండి. చాలు, మళ్ళీ ఆపేసుకోండి."

వరసగా ఒక్కో ఇల్లూ పది ఆంపియర్లకు ఎక్కింది. ఇరవై నాలుగు ఓమ్‌లు, రెండువేల నాలుగువందల వాట్లు. చూపించడం పూర్తికాగానే తిరిగి నలభై ఎనిమిదికి చేరింది.

"అతుకులు బాగున్నాయి. లైన్లు తెంచను," అంది యంత్రం.

హైమావతి కుర్చీలో కూలబడింది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. యంత్రాన్ని చూసి పొంగిపోయిన మనిషి, ఇవాళ ఈ అబద్ధాలకోరులను చూసి అంతకు పదింతలు పొంగిపోయింది.

"ఇంకో లైనులో నిరోధం పెరిగింది," అంది నిరోధిని. "ఆసుపత్రిలో బాలింత గది. బిడ్డ పెట్టె నడుస్తూనే ఉంది. తల్లి మాత్రం తన హీటరు ఆపేసింది. మైకులో మీ మాట విన్నదట. ఆ కరెంటు ఇళ్ళకు పంపమంటోంది."

హైమావతి నెత్తి పట్టుకుంది. "అయ్యో, పచ్చి బాలింత! ఇప్పుడు ఆమెకేం చెప్పాలి వలీ?"

"మాకు చలి లేదని చెప్పండి మేడమ్."