ఎదురు మేడ మీది పువ్వు

"అమ్మా, మన గుమ్మడి పాదుని ఎంత శుభ్రం చేశానో చూడు!" అంటూ గడుగ్గాయి గంపెడు పసుపు పూలు తెచ్చి చూపించింది. ఆమెకి అసలు పేరు వేరే ఉంది గానీ, అది స్కూల్లో హాజరు పలకడానికే పనికొస్తోంది.

ఆ బిల్డింగు వాళ్ళంతా కలిసి మేడ మీద తొట్లలో కూరగాయలు పండిస్తున్నారు. వంకాయలు, టమాటాలు ఎప్పుడో వచ్చేశాయి. గుమ్మడికాయ మాత్రం ఇంకా మొహం చూపించలేదు. అది కాస్తే అందరూ మేడ మీదే కూర్చుని భోంచేయాలనుకున్నారు. ఆ పాదు బాధ్యత గడుగ్గాయిది.

అమ్మ నీళ్ళ డబ్బా కింద పెట్టేసింది. "ఇవన్నీ ఎందుకు కోశావే?"

"వీటి కింద పిందె లేదుగా! ఊరికే బలం తినేస్తున్నాయని మొగ్గలతో సహా కోసేశా. పిందె ఉన్న మొగ్గని మాత్రం ముట్టుకోలేదు." తన తెలివికి తనే మురిసిపోయింది.

"ఇవి మగపూలు తల్లీ. వీటి పుప్పొడి అంటితేనే పిందె నిలుస్తుంది. రేపు పొద్దున ఆ ఆడపువ్వు విచ్చుకుంటుంది. పుప్పొడి లేకపోతే పిందె రాలిపోతుంది."

"వీటినే దాచితే?"

"రేపటికి వాడిపోవూ? ఎదురు మేడ మీద బోలెడున్నాయి. వెళ్ళి అడుగు."

గడుగ్గాయి ఎదురు మేడ వైపు చూసింది. నిన్ననే కదా, పిట్టగోడ దగ్గర నిలబడి ఎదురింటి రెండుజడల పిల్లని, "మీ పాదుకి ఆకులే కాస్తాయి!" అని వెక్కిరించింది! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?

అయినా తెల్లారగానే రోడ్డు దాటి, ఆ మెట్లెక్కింది. రెండుజడల పిల్ల తొట్లకి నీళ్ళు పోస్తోంది.

"ఒక్క మగపువ్వు ఇస్తావా? మావన్నీ నేనే కోసేశా."

"ఆకులు కాసే పాదు పువ్వు నీకెందుకో?"

"అలా అనకుండా ఉండాల్సింది. తప్పయిపోయింది." గడుగ్గాయికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ పిల్ల కాసేపు బింకంగా నిలబడింది గానీ, నవ్వు ఆపుకోలేకపోయింది. ఒకటి కాదు, రెండు పూలు కోసింది. "పద, పుప్పొడి ఎలా అంటిస్తారో నేనూ చూస్తా."

పిందె నిలిచింది. కాయ నిండుగా పెరిగింది. భోజనాల రోజున ఎదురు మేడ వాళ్ళని కూడా గడుగ్గాయే వెళ్ళి పిలిచింది.

మరో రోజు పొద్దున గడుగ్గాయి మేడ మీద పళ్ళు తోముకుంటుంటే ఎదురు మేడ నుంచి రెండుజడల పిల్ల కేక వినిపించింది.

"ఇవాళ మా ఆడపువ్వు విచ్చుకుందే! మగపువ్వు ఒక్కటీ లేదు!"

గడుగ్గాయి తమ పాదు దగ్గరికి పరుగెత్తింది. విచ్చిన మగపూలలో అన్నిటికంటే పెద్దది కోసి, బ్రష్ నోట్లోనే పెట్టుకుని గబగబా మెట్లు దిగింది.