కోళ్ల షెడ్డులో సర్వర్

అమ్మా, ఆ తలుపు కొంచెం దగ్గరికి వెయ్యండి. ఆ... చాలు.

రావల్కోల్ దాటినాక పొలాల నడుమ పాత కోళ్ల షెడ్డు ఉంది గదా — కోళ్లు పోయి రేకులు మిగిలినయ్. కావలి ఎంకయ్య అందులోనే ప్రాణం విడిచిండు. అప్పటినుంచి పొద్దుగూకితే ఆ దిక్కు ఎవరూ పోరు. లోపలికి ఒకడు పోతే, వాని రూపంతోనే ఇంకొకడు వెనక తలుపు నుంచి బయటపడతడట. అసలోని కంటే ముందే వాని ఇల్లు చేరుతడట!

దేవరయాంజాల్ సీతారామస్వామి సాక్షి... నేను చూడలేదు. విన్నది విన్నట్టు చెప్తున్న.

మా అన్వేష్ ఇవేవీ నమ్మడు. క్రిప్టో అని, కంప్యూటర్ పైసల నెట్‌వర్క్‌లో నోడ్ నడుపుతడు. నోడ్ అంటే ఏం లేదు — లోకమంతా ఉన్న కంప్యూటర్లు కలిసి ఒకటే లెక్క చూసుకుంటయి. అందులో వీనిదొకటి. వచ్చిన లెక్కకల్లా రహస్యపు తాళంచెవి లాంటి కోడ్‌తో సంతకం పెట్టాలె. కానీ ఒక్క పేరు మీద రెండు చోట్ల నుంచి సంతకాలు పడ్డయా... దొంగవని ముద్ర వేసి, కట్టిన డిపాజిట్ కోసి, మళ్లీ రాకుండా బయటికి తోస్తరు.

ఆ డిపాజిట్ వీనొక్కనిది కాదు. తుర్కపల్లి ల్యాబులకు క్యాబ్ తోలే బాలేష్, సొంత బండి కొనుక్కోవాలని కూడబెట్టిందంతా వీని చేతిలో పెట్టిండు.

ఇన్నాళ్లు నోడ్ నడిచిన పాత మిషన్ వేడికి ఇంట్లో ఉక్కపోత భరించలేక, మొన్ననే ఆ షెడ్డు కిరాయికి తీసుకుని కొత్త సర్వర్ పెట్టిండు. "దయ్యాలకు నెట్ కనెక్షన్ ఇస్తున్నవా బావా?" అని బాలేష్ ఒకటే నవ్వు. తాళంచెవిని కొత్త సర్వర్‌లోకి మార్చినంక పాత మిషన్‌ను తుడిచెయ్యాలె, లేకుంటే తాళంచెవి అందులో కూడా ఉంటది. వాని నాయనమ్మ సత్తమ్మవ్వ అడ్డం పడ్డది.

"దసరాకు బొట్టు పెట్టి పూజ జేసిన మిషనురా! దాని కడుపు ఖాళీ జేస్తవా?"

అవ్వతో ఎవడు కొట్లాడుతడు? బందు చేసి, దేవుని గూట్లోనే ఉంచిండు.

నెట్‌వర్క్ అంతా కొత్త వర్షన్‌కు మారే రోజు వచ్చింది. పొద్దున్నుంచీ షెడ్డులోనే ఉన్నడు. పొద్దుగూకేటప్పుడు సర్వర్ ఆపి, కొత్త వర్షన్ ఎక్కించిండు. సెట్టింగులన్నీ సరిచూసిండు. ఇగ మొదలుపెట్టుడే... ఎందుకైనా మంచిదని నెట్‌వర్క్ పేజీ తెరిచి చూసిండు.

వాని పేరు పక్కన పచ్చరంగు.

సంతకాలు... పడుతూనే ఉన్నయ్.

వాని సర్వర్ ఆగే ఉంది! నెట్ కేబుల్ గుంజేసిండు. ఫోన్‌లో మళ్లీ చూసిండు. ఇంకో సంతకం. ఇంకోటి...

ఎవడో — వాని పేరుతో — వాడై కూర్చున్నడు.

రేకుల మీద గాలి గీరుతున్నది. వెనక తలుపు... తెరిచి ఉంది. పొద్దున వాడే గొళ్లెం పెట్టిండు.

మొదలుపెడితే ఒక్క పేరు మీద ఇద్దరు. పెట్టకపోతే నెట్‌వర్క్ ముందుకు పోతది, వీడు చీకట్లో మిగిలిపోతడు. అప్పుడే బాలేష్ ఫోన్.

"బావా, అయిందా? నా పానం నీ చేతుల పెట్టిన..."

వాడు ఫోన్ కట్ చేసిండు. నమ్మనివాడు, ఏడుస్తూ "రామా..." అన్నడు.

రామా అనంగనే గూట్లో దీపం యాదికొచ్చింది. దీపం పక్కన... పాత మిషన్! వెంటనే ఇంటికి ఫోన్ కలిపిండు.

"అవ్వా! దేవుని గూట్ల మిషన్ నడుస్తాందా?"

"అవ్ బిడ్డ. లైట్లు మినుకుమినుకుమంటున్నయ్."

"జల్దీ ఆపవ్వా! తీగ గుంజెయ్. నీ కాళ్లు మొక్కుత!"

టక్... పేజీలో పచ్చరంగు పోయింది. వాడు కాసేపు ఆగి, రెండుసార్లు చూసుకుని, కేబుల్ పెట్టి సర్వర్ మొదలుపెట్టిండు. నెట్‌వర్క్ మారింది — దానితోపాటు వీడూ మారిండు. ఒక్కటే సంతకం. ఒక్కడే అన్వేష్. బాలేష్ బండి పైసలు నిలబడ్డయ్!

నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చినయ్ వానికి.

"నన్ను సంపినవ్ గదవ్వా! ఎందుకేసినవ్ దాన్ని?"

"నేనేడ ఏసిన్రా? పొద్దుగూకంగ నువ్వే వచ్చి ఏసినవ్. బువ్వ తినుమంటె ఉలుకు లేదు, పలుకు లేదు. చెప్పులు గూడ ఇడ్వకుంట గూటి ముంగట కాసేపు కూసోని బయటికి పోయినవ్..."

వాడు తెరిచి ఉన్న వెనక తలుపు దిక్కు చూసిండు.

"అవ్వా... నేను షెడ్డుల ఉన్న."

"ఏం పరాచికాలురా? ఇగో... మళ్ల నా పక్కకే వచ్చినవ్ గద!"

ఫోన్‌లో అవ్వ గొంతు వెనక ఇంకో గొంతు వినబడ్డది. అచ్చం వాని గొంతే.

"ఎవరవ్వా... ఫోన్ల?"